లక్షన్నర కోసం ఐదు రోజులు: శ్రీకాకుళం, విజయనగరం తిరుగుడు

అరసవల్లి, శ్రీకూర్మం చూడ్డానికి శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళు చాలామంది. ఈసారి నేను అప్పు కోసం వెళ్ళాను. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో పెంకుటిల్లుకి చెదలు పట్టి దూలాలు గుల్లయిపోయాయి. వానలు రాకముందే పైకప్పు దించేసి స్లాబ్ వేద్దామని నాన్న పని మొదలుపెట్టించేశాడు. చేతిలో ఉన్నది పునాది గోడలకే సరిపోయింది. ఇంకా లక్షన్నర కావాలి. నేను హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో బిల్లింగ్ చూస్తాను. రెండేళ్ళ కిందట ఒక లోన్ యాప్‌లో రెండు వాయిదాలు ఆలస్యం చేశాను, దాంతో అప్పిచ్చే ముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పడిపోయింది. ఇక్కడి బ్యాంకులు వినయంగా కాదన్నాయి. సరే, మన ఊళ్ళో మనల్ని ఎరిగినవాళ్ళ దగ్గరే చూద్దామని సెలవు పెట్టి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ఎక్కేముందు ఒక చిన్న నోటుబుక్కు కొన్నాను. ఎక్కడికి వెళ్ళినా మూడే ప్రశ్నలు అడగాలని మొదటి పేజీలో రాసుకున్నాను. చేతికి ఎంత వస్తుంది? మొత్తం మీద ఎంత కట్టాలి? ముందే తీర్చేస్తే ఏమవుతుంది? వడ్డీ రేటు ఎంత అని మాత్రం అడగదలచుకోలేదు. యాప్ వాళ్ళు కూడా రేటు తియ్యగానే చెప్పారు కదా.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అంటే ఆమదాలవలస. ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. కొత్తవాళ్ళు దిగగానే టౌన్‌కి వచ్చేశామనుకుని ఆటోవాళ్ళకి దొరికిపోతారు. షేర్ ఆటో నిండే దాకా ఓపిక పడితే చవక. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో రోజుకి 800కి గది దొరికింది. ఫ్యాను బాగానే తిరుగుతుంది, దుప్పటి శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు మాత్రం లేవు. సొంతూరు పక్కనే ఉండగా లాడ్జి ఎందుకంటే, ఇల్లు విప్పేశాక అమ్మానాన్నలు మా అప్ప (అక్క) ఇంట్లో సర్దుకున్నారు. అప్పని మా ఊళ్ళోనే ఇచ్చాం. రెండు గదుల ఇంట్లో వాళ్ళ అత్తమామలతో కలిపి అప్పటికే ఏడుగురు. ఒక మాట: శనివారం రాత్రి ఇక్కడ గది తీసుకోకండి. ఆదివారం అరసవల్లి జనం వస్తారు, అదే గదికి 1,200 చెప్తారు.

గురువారం సాయంత్రం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, బావ స్నేహితుడు చెప్పిన ఒక వడ్డీ వ్యాపారి ఇంటికి వెళ్ళాను. చాలా మర్యాద చేశాడు. టీ తెప్పించాడు, నాన్న ఆరోగ్యం అడిగాడు. "మూడు రూపాయలు, మనవాళ్ళు కాబట్టి" అన్నాడు. అంటే నూటికి నెలకి మూడు, ఏడాదికి ముప్పై ఆరు. మొదటి నెల వడ్డీ 4,500 పట్టుకుని చేతికి 1,45,500 ఇస్తానన్నాడు. రెండో ప్రశ్నకి నవ్వాడు. "అసలు గురించి టెన్షన్ పెట్టుకోకండి బాబూ, వడ్డీ కట్టుకుంటూ ఉండండి, అసలు మీకు వీలైనప్పుడు చూద్దాం." ఆ తియ్యదనమే నన్ను భయపెట్టింది. రెండేళ్ళు అలా కడితే వడ్డీయే 1,08,000 అవుతుంది, లక్షన్నర అసలు అక్కడే కూర్చుని ఉంటుంది. పైగా అంకె వేయని ప్రామిసరీ నోటు మీద సంతకం, రెండు ఖాళీ చెక్కులు అడిగాడు. ఖాళీ నోటు మీద సంతకం పెట్టడం కంటే పెంకులు లేని ఇంట్లో పడుకోవడం మేలనిపించింది. ఒకవేళ మీరు నోటు రాయాల్సే వస్తే అంకె, అక్షరాలు, తేదీ అన్నీ నింపాకే సంతకం పెట్టండి. కట్టినప్పుడల్లా ఎంత కట్టారో నోటు వెనక రాయించి చెల్లు వేయించుకోండి. నోటు మీద కోర్టుకి వెళ్ళడానికి ఉండే మూడేళ్ళ కాలపరిమితి కూడా అప్పిచ్చినవాడు ఆ చెల్లు తేదీ నుంచే మళ్ళీ లెక్కేసుకుంటాడు, కాబట్టి అది ఇద్దరికీ అవసరమైన కాగితమే.

మర్నాడు పొద్దున్న ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసు. ఏసీ గది, కుర్చీలు మెత్తన. "12 శాతమే సార్" అన్నాడు కుర్రాడు. ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడిగితే ఒక్క క్షణం ఆగి "ఫ్లాట్" అన్నాడు. లక్షన్నరకి రెండేళ్ళకి 36,000 వడ్డీ, నెలకి 7,750. ఫీజు, ఇన్సూరెన్స్ కలిపి 6,800 ముందే కోస్తారు. అంటే చేతికి 1,43,200. ప్రతి నెలా అసలు తీరుస్తున్నా మొదటి రోజు బాకీ మీదే వడ్డీ లెక్క కడతారు కాబట్టి, ఆ కోతలు కూడా కలిపితే ఏడాదికి 26 శాతం దాటింది. రాత్రి లాడ్జి మంచం మీద ఫోన్లో కాలిక్యులేటర్ పెట్టుకుని లెక్కేశాను. మూడు రూపాయల ఆసామికీ పన్నెండు శాతం కుర్రాడికీ మధ్య తేడా నేను అనుకున్నంత లేదు.

ఆ ఫైనాన్స్ ఆఫీసులోనే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగాను. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా ఇలాంటి అప్పులకి ఆ కాగితం ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఖర్చులన్నీ కలిపిన నిజమైన రేటు, ఏపీఆర్ అంటారు, అందులో రాసి ఉండాలి. అదీ సంతకానికి ముందు, మనకి అర్థమయ్యే భాషలో. కుర్రాడు "శాంక్షన్ అయ్యాక వస్తుంది సార్" అన్నాడు. ఎనిమిది వందల లాడ్జివాడు అడక్కుండానే రసీదు ఇచ్చాడు. లక్షన్నర అప్పు ఇచ్చేవాడు కాగితం తర్వాత అంటున్నాడు. లేచి వచ్చేశాను.

బయట బండి మీద రెండు ఇడ్లీలు తిని నరసన్నపేట బస్సెక్కాను. గ్రామీణ బ్యాంకులో అడిగాను. నాన్న దాన్ని ఇప్పటికీ విశాఖ గ్రామీణ అనే అంటాడు. ఆ పేరు 2006లోనే పోయింది, 2025 మే నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఒకటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి, అయినా నాన్న లెక్క నాన్నదే. మేనేజర్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: జీతం పడేది హైదరాబాద్ ఖాతాలో, స్కోరు ఇలా, పర్సనల్ లోన్ కష్టం. బంగారం ఉంటే చూద్దామన్నాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. కాదనడానికి పదిసార్లు తిప్పని చోటు కూడా మంచి చోటే.

మధ్యాహ్నం మండలంలోని సహకార సంఘం. ఎరువుల బస్తాల వాసన, గోడ మీద పాత క్యాలెండరు, ఒకే ఒక్క ఫ్యాను, అదీ సెక్రటరీగారి మీదకే. మూడు గంటల దాకా ఆయన భోజనం నుంచి రాలేదు. కానీ వచ్చాక ఆయన చేసిన పని ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది. నేను అడక్కముందే తెల్లకాగితం తీసి నిలువుగా గీత గీశాడు. ఒక పక్క చేతికి వచ్చేది, ఇంకో పక్క ఏడాదికి కట్టాల్సింది. నాన్న పాత సభ్యుడు, పంట అప్పు ఎప్పుడో తీర్చేశాడు, వాటాధనం పుస్తకం ఉంది. ఉత్త సంతకం మీద ఇవ్వలేమని, నాన్న పేరు మీద బంగారం పెడితే ఇస్తామని చెప్పాడు. వడ్డీ నూటికి నెలకి రూపాయి కంటే కాస్త తక్కువ. ముందే విడిపించుకుంటే ఆ రోజుదాకానే వడ్డీ. ఆ కాగితం ఇప్పటికీ నోటుబుక్కులో ఉంది. సోమవారం వస్తామని చెప్పి వచ్చేశాను. రెండో శనివారం బ్యాంకులకి సెలవని, తాకట్టు పని ఇక సోమవారమేనని అక్కడే గుర్తొచ్చింది.

ఒక రోజు ఖాళీ దొరికింది కదా అని శనివారం విజయనగరం వెళ్ళాను. ఆమదాలవలస నుంచి పాసింజర్ దొరికితే పొందూరు, చీపురుపల్లి మీదుగా హాయిగా వెళ్ళొచ్చు. నాకు దొరకలేదు, బస్సులో నిలబడి వెళ్ళాను. రాజాంలో ఉండే చిన్నాన్న ఒక పొదుపు సంఘంలో సభ్యుడు. రాజాం 2022లో విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది, ఆయన పనులన్నీ ఇప్పుడు ఇటే. 1995 చట్టం కింద పెట్టిన పరస్పర సహాయ సహకార సంఘం అది, మ్యాక్స్ అంటారు. ప్రభుత్వం జోక్యం లేకుండా సభ్యులే నడుపుకోవచ్చని తెచ్చిన చట్టం. ఉద్దేశం మంచిదే. లెక్కల పుస్తకం, సర్వసభ్య సమావేశం మినిట్స్ అడిగితే చూపించారు కూడా. కాకపోతే కొత్తవాడికి ముందు పదివేలు డిపాజిట్, ఆ తర్వాత మూడు నెలలు ఆగాలి. ఇలాంటి సంఘంలో వేసిన డిపాజిట్‌కి బ్యాంకుల్లో ఉండే ఐదు లక్షల బీమా ఉండదు. చిన్నాన్నకి అది చెప్తే "మేవే ఉన్నాం కదా బావూ" అన్నాడు. ఆయనకి అది చాలు, ఇరవై ఏళ్ళుగా అక్కడివాళ్ళని చూస్తున్నాడు. నేను హైదరాబాద్‌లో ఉండి ఏం చూస్తాను?

చిన్నాన్న పక్కన కూర్చున్నాయన చీటీ పాడుకోమన్నాడు. లక్ష చీటీ, నెలకి ఐదువేలు, ఇరవై మంది. మూడో నెలలోనే కావాలంటే పాతిక వేలైనా వదులుకోవాలట. చిట్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన నంబర్ చూపించమన్నాను. మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడాడు.

విజయనగరంలో లాడ్జి శ్రీకాకుళం కంటే నయం. 900కి వేడినీళ్ళు, కిటికీ, పొద్దున్నే అడక్కుండా టీ. కోట దాకా నడిచి, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను జాతర అప్పుడు మాత్రం ఇక్కడ గది ఊసు ఎత్తకండి. అమ్మకి మామిడి తాండ్ర కొన్నాను. అప్పు కోసం తిరుగుతూ తాండ్ర కొనడం ఏమిటని మీరు అడగొచ్చు, అమ్మ కూడా అడిగింది.

ఆదివారం మా ఊళ్ళో అప్ప వాళ్ళ డ్వాక్రా సంఘం మీటింగ్. నా ఆశంతా బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు మీద ఉంది. సంఘాలకి మూడు లక్షల దాకా ఏడు శాతానికే ఇస్తారని విన్నాను. తీరా అడిగితే పాత బ్యాంకు లోను ఇంకా పద్నాలుగు వాయిదాలు ఉంది, అది తీరేదాకా కొత్తది లేదు. మిగిలింది సంఘం సొంత పొదుపు. అందులోంచి అంతర్గత అప్పు ఇస్తారు, నూటికి రూపాయి, తగ్గే బాకీ మీద.

కమ్యూనిటీ హాల్లో చాప వేసుకుని పది మందీ కూర్చున్నారు. నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. మగాళ్ళు లోపలికి రాకూడదనే రూలేం లేదు, కానీ వాళ్ళ డబ్బు గురించి వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు నేను అక్కడ ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. గోడ పక్కన నిలబడి విన్నాను. అప్ప పిల్లల ఫీజు అని చెప్పొచ్చు, చెప్పలేదు. "అమ్మానాన్నల ఇంటికి, తమ్ముడు కడతాడు" అంది.

"మీ తమ్ముడు ఐదరాబాదులో ఉంటాడు. రేపు కట్టకపోతే ఎవులు కడతారు?" అని లీడరమ్మ.

"నాను కడతాను."

"నీకేటి వస్తది? జీడి తోటలో కూలీయే కదా."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు చెవులు వేడెక్కాయి. యాప్ వాడు నా ఫోన్లో కాంటాక్టులన్నీ తీసుకున్నాడు కానీ ఇంత సూటి ప్రశ్న ఒక్కటీ వేయలేదు. తర్వాత ఒక పెద్దావిడ పాత రోజులు తీసింది. 2010కి ముందు వారం వడ్డీ (మైక్రోఫైనాన్స్) కంపెనీలు వచ్చినప్పుడు ఒకళ్ళ వాయిదా ఒకళ్ళు కట్టలేక, ఇంటి ముందు కూర్చుంటే తలుపులేసుకున్న సంగతి. ఆ ఏడాది ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం వసూళ్ళు ఆపి, నెలకోసారి పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురున్న చోటే కట్టించుకోవాలని చెప్పేదాకా ఊళ్ళో ఆ భయం పోలేదంది. ఆమె చెప్పేది అప్పు ఇవ్వొద్దని కాదు, ఎంత ఇస్తే అప్ప ఒక్కత్తీ మోయగలదో అంతే ఇవ్వాలని. లక్ష అడిగితే 60,000 ఖాయం చేశారు. నెలకి మూడు వేల అసలు, దాని మీద మిగిలిన బాకీకి వడ్డీ, ఇరవై నెలలు. మొత్తం వడ్డీ 6,300. తీర్మానం పుస్తకంలో రాసి పది మందీ సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్రలు.

మిగిలిన 90,000కి సోమవారం అమ్మ గాజులు రెండు సహకార సంఘానికి పట్టుకెళ్ళాం. తూకం వేసే ఆయన పదకొండున్నరకి వస్తానని ఒంటిగంటకి వచ్చాడు. నికర బరువు, సొత్తు వివరం, గడువు తేదీ రాసిన రసీదు నాన్న పేరుతో ఇచ్చారు. దాన్ని అక్కడే ఫోన్లో ఫోటో తీసుకున్నాను. సర్వీసు నెమ్మది, కూర్చోడానికి బెంచీ కూడా సరిగ్గా లేదు. అయినా మళ్ళీ అక్కడికే వెళ్తాను. గడువు ఏడాది. రెన్యువల్ చేసుకుంటూ పోతే గాజులు అమ్మ చేతికి ఎప్పటికీ రావు కాబట్టి ఆ తేదీ గోడౌన్లో నా బల్ల మీద రాసి అంటించాను.

స్లాబ్ పడింది. మొదటి వాయిదాకే మాట పోయింది నాది. డ్వాక్రా సంఘం మీటింగ్ ఐదో తేదీ, నా జీతం ఏడున. అప్ప తన కూలి డబ్బుల్లోంచి కట్టి, పది రూపాయల ఫైను కూడా వేయించుకుని, ఫోన్ చేసి ఆ పదీ నా దగ్గర వసూలు చేసింది. ఇప్పుడు ప్రతి నెలా మూడో తేదీకే పంపిస్తున్నాను, గోడౌన్లో అడ్వాన్స్ తీసుకుని.