అశోక్ చౌక్ సందులో కొన్న షోలాపూర్ దుప్పటి

షోలాపూర్‌లో దుప్పట్లు అమ్మే దుకాణాలకు కొదవ లేదు. నెమలి బొమ్మ దుప్పట్లు బజారు పొడవునా గుట్టలుగా కనిపిస్తాయి. నేను రాస్తున్నది ఆ సరుకు గురించి కాదు. అశోక్ చౌక్ నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, ముందు గదిలో బల్ల వేసుకుని, వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలు నడిపిస్తున్న చిన్న దుకాణం గురించి. పోయిన నెల అక్కడ సింగిల్ దుప్పటి ఒకటి తీసుకున్నాను. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు, అచ్చమైన నూలు, తూకం 1,200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ముదురు ఎరుపు మీద పసుపు పువ్వులు. తిప్పి చూస్తే పసుపు మీద ఎరుపు పువ్వులు.

ఈ రెండు ముఖాల నేతే షోలాపూర్ దుప్పటికి ప్రాణం. జకార్డ్ మగ్గం పైన చిల్లులు కొట్టిన అట్టలు వరుసగా తిరుగుతుంటాయి. ఏ పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో ఆ చిల్లులే చెబుతాయి. ఒక వైపు పువ్వు స్పష్టంగా ఉండి రెండో వైపు అలుక్కుపోయినట్టు కనిపిస్తే ఆ దుప్పటిని ముట్టుకోకండి. ఈ పేరు ఇక్కడి నేతకే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నా, హర్యానాలోని పానిపట్టు సరుకును కూడా షోలాపూర్ దుప్పటి అని అంటగడుతున్నారని ఇక్కడి నేతగాళ్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు.

ఇవన్నీ నాకు తెలిసింది మా నాయన వల్ల. నల్లగొండ జిల్లాలో చేతి మగ్గం మీద పూట గడవక, పదహారేళ్ల వయసులో మేనమామ వెంట వచ్చి షోలాపూర్‌లో రైలు దిగాడు. 1877లో మొదలైన పాత మిల్లు కాలం నుంచీ తెలంగాణ పద్మశాలీలు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. నాయన వచ్చేసరికి ఆ మిల్లు మూతపడింది, పని మరమగ్గాల షెడ్లలో దొరికింది. రాత్రి ఎనిమిదికి వెళితే పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరేవాడు. జుట్టంతా, కనుబొమలంతా నూలు దుమ్ము. మగ్గాల మోతకు చెవులు తొందరగానే మందగించాయి. అందుకే ఆయన మాట్లాడితే పక్కింటికి వినపడేది. మా నాయనకు కోపం ఎక్కువని నా స్నేహితురాళ్లు భయపడేవారు. ఆ గొంతుతో ఆయన అడిగేది మాత్రం “తిన్నావా బిడ్డా?” అనే.

అమ్మ పగలంతా చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వెయ్యి బీడీలు చుట్టేది. ఈ ఊళ్లో మన ఆడవాళ్లలో చాలామందికి అదే జీవనాధారం. నాయన నిద్ర లేవగానే టీ కూడా అడగకుండా ఆమె పక్కన కూర్చుని, కట్టలు కట్టడానికి దారం ముక్కలు తెంపి ఇచ్చేవాడు.

నేతలో తప్పు పడితే యజమాని కూలి కోసేవాడు. ఆ తప్పు దుప్పటిని నాయనే తక్కువకు అడిగి ఇంటికి తెచ్చేవాడు. మా ఇంట్లో గీతో చారో లేని దుప్పటి ఉండేది కాదు. పడుగు పోగు, అంటే నిలువు దారం, తెగింది చూసుకోకపోతే నిలువునా గీత పడుతుంది. ఆగిన మగ్గాన్ని మళ్లీ కదిలించిన చోట అడ్డంగా చార వస్తుంది. పడుకోబోయే ముందు నేను ఆ గీతల మీద వేలు పెట్టి అడిగితే చెప్పేవాడు: “ఇది కరెంటు పోయిన రాత్రిది. ఇది నీకు జ్వరం వచ్చిన రాత్రిది, బిడ్డా, చేతులు అక్కడున్నా మనసు ఇక్కడే ఉండె.” అక్క పెళ్లికి మాత్రం తప్పు లేని జత కావాలని పట్టుబట్టి, వారం వారం కూలిలో కోయించుకుని తెచ్చాడు.

కాబట్టి దుకాణంలో నేను దుప్పటిని తలుపు వెలుతురుకు ఎదురుగా పట్టించి మూల నుంచి మూలకు చూశాను. గీత లేదు, చార లేదు. కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలింది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూస కడుతుంది. దుకాణదారు నవ్వి, “మీ ఇంట్లో ఎవరు నేసేవారక్కా?” అని అడిగాడు. చెప్పాను. ఆయన తండ్రిదీ అదే కథ, కరీంనగర్ వైపు నుంచి.

లోపాలూ ఉన్నాయి. ఒక మూల అంచు కుట్టు వదులుగా ఉంది. చూపిస్తే అక్కడికక్కడే మళ్లీ కుట్టించారు గానీ, అది కొనేవాళ్లు చూపించాల్సిన పని కాదు. రంగులు నాలుగైదుకు మించి లేవు. తొలి ఉతుకులో ఎరుపు కొద్దిగా దిగింది, కాబట్టి మొదటిసారి చన్నీళ్లలో విడిగా నానబెట్టండి. రెండో ఉతుకుకు నీళ్లు తేటగానే ఉన్నాయి. కొత్తలో కాస్త గరుకుగా ఉంటుంది, వాడేకొద్దీ మెత్తబడుతుంది.

ధర బజారులో కన్నా ఎక్కువే. మనవాళ్లని కొంత తగ్గిస్తానన్నాడు, నేను వద్దన్నాను. తగ్గిన రూపాయి చివరికి ఎవరి కూలిలోంచి పోతుందో చూస్తూ పెరిగాను. మీరూ అక్కడ బేరం ఆడకండి, వెనక షెడ్డులోకి వెళ్లి నేసేవాళ్లను ఒకసారి చూసి రండి. అడిగితే సంతోషంగా చూపిస్తారు.

డబుల్ సైజు కావాలంటే వారం ముందు చెప్పాలి. శ్రావణ పౌర్ణమి నాడు మాత్రం వెళ్లవద్దు. ఆ రోజు పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే మార్కండేయుడి రథోత్సవం, మగ్గాలు ఆపి సందంతా ఊరేగింపులోనే ఉంటుంది.