యూపీఐ, సౌండ్ బాక్స్: గల్లాపెట్టె వెనక కూర్చున్నవాడి రివ్యూ

మాది విశాఖపట్నం కంచరపాలెంలో చిన్న కిరాణా కొట్టు. యూపీఐ మీద రివ్యూలు చూస్తే అన్నీ డబ్బులు పంపేవాళ్ళు రాసినవే, క్యాష్‌బ్యాక్ వచ్చిందనో రాలేదనో యాప్ స్లో అనో. తీసుకునేవాడి వైపు నుంచి రాసింది పెద్దగా కనపడదు, అందుకే ఇది. 2016లో నోట్ల రద్దు అయ్యాక అందరితో పాటు నేనూ ఓ స్కానర్ స్టిక్కర్ అతికించాను గానీ లాక్‌డౌన్ దాకా దాన్ని పట్టించుకున్నవాడు లేడు, ఆ తర్వాత నుంచి గల్లాపెట్టె కంటే దానికే పని ఎక్కువ. 5కి మూడున్నర ఇస్తాను.

మంచి ముందు చెప్పేస్తా. పొద్దున్నే పాల ప్యాకెట్‌కి ఐదొందల నోటు తీసేవాళ్ళు పోయారు, అదొక్కటే చాలు నాకు సగం తలనొప్పి తగ్గడానికి, చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెడితే వాళ్ళు నా మొహం చూడ్డం నేను పక్కకి చూడ్డం ఆ గొడవే లేదిప్పుడు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ సరుక్కి ఒకప్పుడు డబ్బుల కట్ట చొక్కా లోపల పెట్టుకుని ఆటోలో వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు కొట్లో కూర్చునే ఫోన్లో పంపేస్తున్నా. పైగా 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి వచ్చే యూపీఐ పేమెంట్‌కి కొట్టువాడి దగ్గర కమిషన్ తీసుకోకూడదు, కార్డు మిషన్ పెట్టుకోమని వెంటపడిన రోజుల్లో అదొచ్చుంటే బాగుండేది. మా వీధిలో కట్టడం పనికొచ్చిన ఒడిశా కుర్రాళ్ళు శనివారం కూలి చేతికి రాగానే ఇక్కడే నిలబడి ఇంటికి పంపేస్తారు, అవతల వాళ్ళమ్మ ఫోన్లో పడిందని చెప్పాకే టీ తాగుతారు.

సౌండ్ బాక్స్ సంగతి. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే డబ్బా ఇది, వచ్చింది మోసాల వల్లే. పాత స్క్రీన్‌షాట్ చూపించి, దొంగ యాప్‌లో పచ్చ టిక్కు చూపించి వెళ్ళిపోయేవాళ్ళు, సాయంత్రం రద్దీలో ఎవడి ఫోన్ అని చూస్తాం. ఇప్పుడు డబ్బా అరిస్తేనే సంచి ఇస్తా. దాన్లో సిమ్ విడిగా ఉంటుంది కాబట్టి నా ఫోన్ ఆఫ్‌లో ఉన్నా చెప్తుంది, 2024లో మహేష్ బాబు గొంతు కూడా వచ్చింది కొన్నిట్లో, పిల్లలు అది వినడానికే రూపాయి పంపిన రోజులున్నాయి. నెలనెలా అద్దె కట్ అవుతుంది, అది మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాదు.

ఇక ఇళ్ళల్లో ఏం మారిందో కొట్టువాడికే ముందు తెలుస్తుంది అనిపిస్తుంది నాకు. ఇదివరకు ఆడవాళ్ళు నెల సరుకులకి డబ్బులు తెచ్చుకుని, అందులో యాభయ్యో వందో మిగిల్చి పోపుల డబ్బాలో వేసుకునేవాళ్ళు, అది వాళ్ళ సొంత బ్యాంకు. ఇప్పుడు చాలామంది భర్తలు ఆఫీసు నుంచే లెక్క అడిగి నాకు సరిగ్గా అంతే కొడతారు, పైసా అటూ ఇటూ లేకుండా. "అన్నా, ఒక యాభై ఎక్కువ చెప్పి నాకివ్వవా" అని ఒకావిడ నవ్వుతూ అడిగింది గానీ అది నవ్వులాట కాదని నాకు తెలుసు. దీనికి సరిగ్గా ఉల్టా ఇంకో కథ. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చి మా సందులో అమ్మే ఆవిడ గంప పక్కనే స్కానర్ పెట్టుకుంటుంది. "ఇప్పుడు డబ్బులు నా పేరు మీద పడతన్నాయి బాబూ, మా ఆయన కొంగు ముడి ఇప్పితే ఏటీ దొరకదు" అంది. ఒకే సందు, ఒకే స్కానర్, ఒకావిడకి దాపు పోయింది ఇంకొకావిడకి దొరికింది, దీన్ని మంచనాలో చెడనాలో మీరే చెప్పండి గురూ.

తగ్గించిన మార్కుల్లో ఎక్కువ భాగం ఖాతా ఫ్రీజ్‌కే. ఒకరోజు హోల్‌సేలర్‌కి డబ్బులు కొడుతుంటే వెళ్ళట్లేదు, బ్రాంచికి వెళ్తే ఖాతా హోల్డ్‌లో ఉంది అన్నారు. ఎవరో ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు, మంచిదే, చెయ్యాల్సిందే, కానీ ఆ డబ్బు చేతులు మారి మారి అందులో ఓ చిన్న ముక్కతో ఎవడో నా కొట్లో నూనె డబ్బాలూ బియ్యం కొన్నాడు. నాకొచ్చింది రెండు వేల చిల్లర, ఆగిపోయింది మొత్తం ఖాతా. ఏ పోలీస్ స్టేషనో చెప్పారు, అక్కడికి బిల్లు, ఆధార్, కొట్లో కెమెరా ఫుటేజ్ మెయిల్ పెట్టాను, ఫోన్ ఎత్తినాయన హిందీ నాకు సగమే అర్థమైంది. తెరుచుకునేసరికి వారాలు పట్టింది, ఆ వారాలన్నీ పాత హోల్‌సేలర్ అరువు మీద బతికాను. నోటు ఇచ్చినవాడు దాన్ని ఎక్కడ కొట్టేశాడని నన్నెవరూ అడగలేదు ఇన్నేళ్ళలో. సౌండ్ బాక్స్ అరిచింది కదా అని డబ్బు మనదైపోయినట్టు కాదు, ఎక్కడో కూర్చున్నవాడు ఆపగలడు, మనం ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

టాక్స్ భయం కూడా ఉంది. 2025 జులైలో బెంగళూరులో చిన్న వ్యాపారులకి యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు పంపారు, సరుకులమ్మేవాళ్ళకి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలన్నది అక్కడా మన ఆంధ్రాలోనూ రూలే, కాదనను. కానీ చాలామంది ఒకే ఖాతాలో కొట్టు డబ్బులూ, బామ్మర్ది తిరిగిచ్చిన అప్పూ, చీటీ డబ్బులూ అన్నీ కలిపేస్తారు, బయట నుంచి చూసేవాడికి అదంతా వ్యాపారంలాగే కనిపిస్తుంది. ఆ వార్త వచ్చిన వారం ఇక్కడ కూడా కొందరు "ఓన్లీ క్యాష్" బోర్డు పెట్టారు, తర్వాత తీసేశారు, గిరాకీ పక్క కొట్టుకి పోతే ఎవరుంటారు.

యూపీఐ డౌన్ అవడం గురించి పెద్దగా చెప్పను, 2025లో మార్చి 26న ఓసారి ఏప్రిల్ 12న ఓసారి దేశమంతా ఆగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ శనివారం నా అప్పు పుస్తకం మళ్ళీ బయటికి వచ్చింది, తెలిసిన మొహాలకి రాసిచ్చాను, తెలియనివాళ్ళు సరుకు బల్ల మీద వదిలేసి వెళ్ళారు. మనూరి వాళ్ళకి ఇది ఇంకోలా భయం వేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, రోజుల తరబడి ఇంట్లో ఉన్న నోట్లతోనే పాలు, కొవ్వొత్తులు కొన్నారు జనం. ఇప్పుడు మా కుర్రకారు జేబులో పది రూపాయల కాగితం కూడా ఉండట్లేదు, వాళ్ళకి అప్పట్లో జరిగింది చెప్తే పవర్ బ్యాంక్ ఉంది కదా అంటారు. టవరే పడిపోతే పవర్ బ్యాంక్ ఏం చేస్తుందిరా నాయనా.

కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళకి నేను చెప్పేది, కొట్టుకి బ్యాంకులో వ్యాపారస్తులకిచ్చే కరెంట్ ఖాతా విడిగా తీసుకోండి, ఇంటి ఖర్చుల డబ్బు ఇంకో బ్యాంకులో ఉంచండి, ఒకటి ఆగినా పిల్లల ఫీజు ఆగదు. వెయ్యి దాటిన బిల్లుకి కాపీ ఉంచుకోండి, కెమెరా ఫుటేజ్ వీలైనన్ని రోజులు ఉండేలా పెట్టించుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, కొట్టమన్నవాడు దొంగ. పొద్దున్న షట్టర్ ఎత్తగానే మీ స్టిక్కర్‌ని మీ ఫోన్‌తోనే ఓసారి స్కాన్ చేసి మీ పేరే వస్తోందో లేదో చూసుకోండి, రాత్రికి రాత్రి దాని మీద వాళ్ళ స్టిక్కర్ అతికించి పోయేవాళ్ళున్నారు.