అనంతపురంలో కొన్న 60 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం సెట్టు: నలభై రోజుల తర్వాత

అనంతపురంలోని ఒక అక్వేరియం దుకాణంలో ఫిబ్రవరి మొదటి వారంలో 60 లీటర్ల ఉప్పునీటి సెట్టును 14,500 రూపాయలకు కొన్నాను. గాజు తొట్టి, లైటు, వెనుక అరలో అమర్చిన ఫిల్టరు, నీటిని తిప్పే చిన్న పంపు, 2 కిలోల సముద్రపు ఉప్పు, పొడి రాయి, ఇసుక, నీటిలో ఉప్పు ఎంతుందో కొలిచే హైడ్రోమీటరు, నీటిలోని వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా ఉన్న ఒక సీసా ఇందులో వచ్చాయి. తొట్టి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మూలల్లో సిలికాన్ ఎక్కడా ఉబ్బలేదు, పంపు చప్పుడు పక్క గదిలోకి కూడా వినబడదు. నా అసంతృప్తి సెట్టులో పెట్టని వస్తువుల గురించి, దుకాణంలో చెప్పిన ఒక మాట గురించి.

పెట్టని వాటిలో ముఖ్యమైనది నీటిని శుద్ధి చేసే సాధనం. మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) 900 దాటుతుంది, ఇంట్లో తాగే ఆర్‌ఓ నీటిలో 60 ఉంది. తాగడానికి అది మంచి నీరే గానీ, అందులో మిగిలిపోయే నైట్రేటు, సిలికేటు రాళ్లపై నాచును పెంచుతాయి. ఆవిరైన నీటికి బదులు రోజూ అవే నీళ్లు పోస్తూ ఉంటే తొట్టిలో పేరుకుపోతూనే ఉంటాయి. అందువల్ల మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గుళికలు నింపిన గొట్టాన్ని విడిగా తెప్పించి, ఆర్‌ఓ తర్వాత బిగించి, మీటరు సున్నా చూపిన తర్వాతే ఉప్పు కలిపాను.

రెండో లోపం హైడ్రోమీటరు. ప్లాస్టిక్ ముల్లు సముద్రపు నీటి సాంద్రత అయిన 1.025 దగ్గర నిలిచినందుకు మొదట సంతోషించాను. దగ్గరగా చూస్తే ముల్లు అడుగున ఆవగింజంత గాలిబుడగ అంటుకొని దానిని పైకి లేపుతోంది. వేలితో తట్టి బుడగను వదిలిస్తే ముల్లు కిందికి దిగింది. కాంతి వంగే తీరును బట్టి ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరును ఒక మిత్రుని దగ్గర తీసుకొని, 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచేసి, దాని అద్దంపై తొట్టి నీరు రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు పెట్టి చూడగా, నీలం, తెలుపు కలిసే గీత 1.021 దగ్గర కనిపించింది. చేపలు లేని దశ కాబట్టి నష్టం జరగలేదు, ఉప్పును రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాను.

ఇక ఆ మాట. "మూడు రోజులు చాలన్నా, సీసా పోసి చేపలు వేసుకోవచ్చు" అని దుకాణంలో చెప్పారు. దానిని నేను పాటించలేదు, ఎవరూ పాటించకూడదని కోరుతున్నాను. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి వచ్చే, చేపలకు విషమైన అమ్మోనియాను ఒక వర్గం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక వర్గం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండో వర్గం ఆలస్యంగా స్థిరపడుతుంది, పైగా పొడి రాయిలో మొదట ఇవేవీ ఉండవు. సీసా ఈ పనిని కొంత త్వరపెట్టవచ్చు, కానీ పూర్తయిందో లేదో చెప్పేది పరీక్ష కిట్ మాత్రమే, అది సెట్టులో లేదు. కుళ్లి అమ్మోనియా ఇవ్వడానికి నేను చేపల మార్కెట్‌లో తెచ్చిన ఒక రొయ్యను వల సంచిలో కట్టి తొట్టిలో వేశాను. ఆరో రోజుకు పరీక్ష గొట్టంలో పసుపు రంగు ఆకుపచ్చగా మారి, అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములకు చేరగా రొయ్యను తీసేశాను. పదమూడో రోజున నైట్రైటు గొట్టం ఊదారంగుకు తిరిగింది. మధ్యలో ఇసుకపై గోధుమరంగు పొర పరుచుకుంది. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు, కొత్త తొట్టిలో సహజమే, కంగారుపడి కడగవలసిన పని లేదు. ముప్పై మూడో రోజున రెండూ సున్నాకు వచ్చాయి. అయినా అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియాను మళ్లీ 1 మిల్లీగ్రాముకు పెంచి చూశాను; ఇరవై నాలుగు గంటల్లో అదంతా నైట్రేటుగా మారిన తర్వాతే సగం నీరు మార్చి, నత్తలతో మొదలుపెట్టాను.

మార్చిలో మన ఎండలు మొదలవగానే నీరు 30 డిగ్రీలు దాటింది. నీటిపైకి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాను పెడితే 27కు దిగింది, కానీ రోజుకు లీటరుకు పైగా ఆవిరవుతోంది. ఉప్పు ఆవిరి కాదు గనుక ఆ లోటును ఉప్పు కలపని డీఐ నీటితోనే పూడ్చాలి. కరెంటు పోయినప్పుడు బ్యాక్టీరియాకు ప్రాణవాయువు అందడానికి బ్యాటరీ గాలి పంపు కూడా తప్పనిసరి.

ఒక విషయంలో దుకాణాన్ని మెచ్చుకోవాలి. రాతి పగడాలు అడిగితే, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయని చెప్పి నిరాకరించారు, క్లౌన్ చేపలను కూడా హేచరీలో పెంచినవే తెప్పిస్తామన్నారు. డీఐ గొట్టం, పరీక్ష కిట్ కలిపి మరో మూడు వేలు ఎక్కువ అడిగినా నేను మనస్ఫూర్తిగా ఇచ్చేవాడినని యజమానికి చెప్పాను. వచ్చే సెట్ల నుంచి గొట్టం చేరుస్తానన్నారు. మూడు రోజుల మాట గురించి మాత్రం ఏమీ అనలేదు.