తొమ్మిదేళ్లుగా నా దగ్గరున్న గులాబి రాయి: రోడోక్రోసైట్ అనుభవాలు

తొమ్మిదేళ్ల కిందట ఒకే ముడిరాయి నుంచి రెండు ముక్కలు కోయించి, ఒకటి లాకెట్‌లో, ఇంకోటి ఉంగరంలో పెట్టించుకున్నాను. లాకెట్ ఇవాళ్టికీ కొత్తదానిలాగే ఉంది. ఉంగరంలో రాయి మూడేళ్లు కూడా నిలవలేదు. ఒకే రాయి, ఒకే పనితనం. తేడా అంతా అది ఉన్న చోటుదే.

రోడోక్రోసైట్ పేరు పలకడానికి నోరు తిరగదు కానీ అర్థం తేలిక. గ్రీకులో గులాబి, రంగు అనే రెండు మాటలు కలిపి, జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త హౌస్‌మన్ 1813లో పెట్టాడు. రసాయనం చూస్తే ఇది మాంగనీస్ కార్బనేట్. సున్నపురాయిలో, పాలరాతిలో ఉండే కాల్సైట్‌కి దాయాది: అక్కడ కాల్షియం ఉండే చోట ఇక్కడ మాంగనీస్ ఉంది. ఈ చుట్టరికం కొనేముందు తెలిసుంటే ఉంగరం జోలికి వెళ్లేవాణ్ణి కాదు. మెత్తదనం, చీలే గుణం, యాసిడ్ పడకపోవడం, అన్నీ ఆ వంశం నుంచి వచ్చినవే.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ కొలతలో దీనిది 3.5 నుంచి 4. చాకుతో గీస్తే గీత పడుతుంది, కానీ ఉంగరం మీద చాకు పెట్టి గీసేదెవరు? అసలు శత్రువు దుమ్ము. అందులో సన్నటి ఇసుక రేణువులుంటాయి, అంటే క్వార్ట్జ్, గట్టిదనం 7. బల్ల మీద చెయ్యి ఆనించి పనిచేస్తాం, జేబులో చెయ్యి పెడతాం, మసకగా అనిపిస్తే చొక్కా అంచుతో రుద్దుతాం. ఆరు నెలలకే నా ఉంగరం ఊపిరి వదిలిన అద్దంలా తయారైంది. నేను రోజూ రుద్దింది ఆ దుమ్ముతోనే అని తర్వాత అర్థమైంది. పాలిష్ పట్టిస్తే మళ్లీ తళతళలాడింది, ఇంకో ఆరు నెలలకు కథ మొదటికి వచ్చింది.

ఒకసారి ఉంగరం తీయకుండా బాత్రూమ్ కడిగాను. ఆ లిక్విడ్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చల్లటి యాసిడ్‌లో ఈ రాయి నెమ్మదిగా కరుగుతుంది, వేడి యాసిడ్‌లో అయితే బుసబుసా పొంగుతుంది. వెంటనే కడిగేశాను కాబట్టి రాయి మిగిలింది. చుక్క పడ్డ చోట మాత్రం మెరుపు చచ్చిపోయి సుద్ద మచ్చలా నిలిచింది.

చివరికి దాని ప్రాణం తీసింది మెషిన్. ఉంగరం వదులైందని సరిచేయడానికి ఇస్తే, అక్కడ రాయి ఊడదీయకుండా అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి లైటు కింద చూస్తే లోపల ఏటవాలుగా తెల్లటి గీత. ఈ ఖనిజం మూడు దిశల్లో నున్నగా చీలుతుంది. అలాంటి రాయికి ఆ మెషిన్ కంపనాలు అస్సలు పడవు. రెండు నెలల్లో ఆ గీత వెంటే మూల ఊడిపోయింది. విరిగిన చోట చిన్న చిన్న ముఖాలు ముత్యాల్లా మెరుస్తుంటే, బాధలో కూడా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఈ రాయి మీద నా పిచ్చి ఆ స్థాయిది.

లాకెట్ గురించి అన్నీ మంచి మాటలే. ఇది అర్జెంటీనాలోని కటమార్కా ప్రాంతపు కపిల్యీతాస్ గని రకం. అక్కడ రాతి లోపలి ఖాళీల్లో ఊడల్లా పెరిగిన రోడోక్రోసైట్‌ని అడ్డంగా కోస్తే, చెట్టు మొద్దులో కనిపించేలాంటి వలయాలు వస్తాయి. ముదురు గులాబి, లేత గులాబి, దాదాపు తెలుపు. మాంగనీస్ స్థానంలో కాల్షియం చేరిన పొరలో రంగు పలచబడుతుంది, ఇనుము చేరితే గోధుమ ఛాయ వస్తుంది. దక్షిణ అమెరికాలోని పాత ఇన్కా సామ్రాజ్యం పేరు మీద ‘ఇన్కా గులాబి’ (ఇన్కా రోజ్) అని అమ్మేది ఈ రకాన్నే. గొలుసుకు వేలాడుతుంది కాబట్టి దేనికీ రాసుకోదు. సెంటు కొట్టుకున్నాకే వేసుకుంటాను. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ, ఇంతకు మించి ఏమీ చేయలేదు. పాలిష్ పట్టని వెనక వైపు కాస్త గోధుమ రంగు తిరిగింది. గాలికీ తేమకూ మాంగనీస్ ఆక్సైడ్‌గా మారే గుణం దీనికి ఉంది. ముందు వైపు మాత్రం మచ్చ లేదు.

వీటి తర్వాత ఇంకోటి కూడా చేరింది: బొటనవేలి గోరంత పెరూ స్ఫటికం, పారదర్శకం, చెర్రీ ఎరుపు. దీన్ని కాగితం మీది గీత మీద పెట్టి చూస్తే గీత రెండుగా కనిపిస్తుంది. కాల్సైట్ కూడా ఇలాగే చూపిస్తుంది కానీ కాంతిని చీల్చడంలో ఇది కాల్సైట్‌ని మించినది. ఇలాంటి స్ఫటికాలకు పేరుమోసిన చోటు అమెరికాలో కొలరాడోలోని స్వీట్ హోమ్ గని. వెండి కోసం తవ్వుతూ అక్కడివాళ్లు ఈ ఎర్ర రాయిని పనికిరానిదని పక్కన పడేసేవారు! 1992లో అక్కడ దొరికిన ‘అల్మా కింగ్’ అనే పెద్ద స్ఫటికం ఇప్పుడు డెన్వర్ మ్యూజియంలో ఉంది. 2002లో కొలరాడో దీన్ని తన రాష్ట్ర ఖనిజంగా ప్రకటించింది. నాదాన్ని పెట్టెలోంచి నెలకోసారి తీసి, చూసుకుని, మళ్లీ పెట్టేస్తాను.

మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్న పూసల బ్రేస్‌లెట్ చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. అసలు రోడోక్రోసైట్ నీటి కంటే సుమారు 3.7 రెట్లు బరువు, చేతికి తెలుస్తుంది. చిన్న తూకం మీద గ్లాసులో నీళ్లు పెట్టి, పూసలను దారంతో అందులో వేలాడదీసి లెక్క వేస్తే 2.7 వచ్చింది. అది కాల్సైట్ బరువు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో దూది ముంచి రుద్దితే దూది గులాబి అయింది. అంటే రంగు వేసిన కాల్సైట్ అన్నమాట. కథ కంచికి, పూసలు వాపసుకి.

మాంగనీస్ కోసం కూడా దీన్ని తవ్వుతారు. శుద్ధమైనదైతే దాదాపు 48 శాతం మాంగనీసే, అది ఉక్కు తయారీకి వెళ్తుంది. కృత్రిమంగా చేసిన మాంగనీస్ కార్బనేట్ పొడిని పింగాణీ గ్లేజుల్లో రంగు కోసం వాడతారు. రాయిని సొంతంగా సానపట్టాలనుకునేవాళ్లు మాస్క్ లేకుండా, నీళ్లు లేకుండా మొదలుపెట్టొద్దు. మాంగనీస్ దుమ్ము ఎక్కువకాలం పీలిస్తే నరాల మీద పడుతుంది. ఇక గుండెకు బలం, మనసుకు శాంతి అని అమ్మేవాళ్లు చెప్పేవి ఇన్నేళ్లలో నాకు ఒక్కటీ అనుభవంలోకి రాలేదు. ఉంగరం పగిలిన రోజు మనశ్శాంతి కూడా పోయింది.

ఖాళీ ఉంగరంలో ఇప్పుడు రోడోనైట్ పెట్టించాను. అది కూడా మాంగనీస్‌దే, గులాబి రంగే, కానీ సిలికేట్ (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజం) కాబట్టి గట్టిదనం 5.5 పైనే. వలయాలుండవు, నల్లటి నరాలుంటాయి. ఏడాది దాటింది, ఇంకా మసకబారలేదు. రాయి మార్చానని చెప్పేదాకా ఇంట్లో ఒక్కరూ గమనించలేదు.