కుళాయి బిల్లు: వార్డు సచివాలయంలో చెల్లింపు
తిరుపతికి కల్యాణి డ్యాం నుంచీ, కండలేరు నుంచి తెలుగుగంగ ద్వారానూ నీరు చేరుతుంది. అంత దూరం నుంచి వచ్చే నీటికి రుసుము సకాలంలో కట్టాలన్నదే నా అభిప్రాయం. అయితే గతసారి ఒక నెట్ సెంటర్‌లో కనెక్షన్ నంబరు చివరి అంకె 6కు బదులు 8 కొట్టడంతో నా డబ్బు మరొకరి ఖాతాకు జమై, మా బిల్లులో అది పాత బకాయిగా నిలిచిపోయింది. ఈసారి మా వార్డు సచివాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి పాత రసీదు పక్కన పెట్టుకొని, ప్రస్తుత బాకీ ఎంతో, పాత బకాయి ఎంతో పెన్సిల్‌తో గీత గీసి చూపించి, పేరు, డోరు నంబరు నాచేత చదివించాకే సొమ్ము తీసుకున్నారు. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది. బిల్లులో మొత్తం ఒక్కటే చూడకుండా బకాయి వరుస కూడా చదవండి. కూర్చోవడానికి ఒకే బల్ల ఉండటం మాత్రం పెద్దవాళ్లకు ఇబ్బందే.