చిన్న ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్: ఆన్‌కాల్ మేలా, ఫుల్‌టైమ్ మేలా?

అమెరికాలో మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లోని చిన్న నగరాలకు ఇది తెగని ప్రశ్న. ఆన్‌కాల్ అంటే వేరే పనులు చేసుకుంటూ, పిలుపొచ్చినప్పుడే వచ్చే ఫైర్ సిబ్బంది; ఫుల్‌టైమ్ అంటే జీతంమీద స్టేషన్‌లోనే డ్యూటీ చేసేవాళ్లు.

ఖర్చు
ఆన్‌కాల్: మంటలకు వచ్చినప్పుడు, శిక్షణకు హాజరైనప్పుడే డబ్బు.
ఫుల్‌టైమ్: 24 గంటలు డ్యూటీ, 48 గంటలు విశ్రాంతి పద్ధతిలో బండిమీద నలుగురు ఎప్పుడూ ఉండాలంటే కనీసం 12 మంది కావాలి. సెలవులు కలిపితే ఇంకా ఎక్కువ.

వేగం
ఫుల్‌టైమ్: స్టేషన్‌లోనే ఉంటారు, వెంటనే బయల్దేరతారు.
ఆన్‌కాల్: పేజర్ మోగగానే తింటున్న కంచం వదిలేసి, సొంత కారులో స్టేషన్‌కొచ్చి, కొక్కేనికున్న కోటు తొడుక్కుని, అప్పుడు బండి తీయాలి.

రిస్క్
నా బెంగంతా పగటిపూట గురించే. ఆన్‌కాల్ సభ్యుల్లో చాలామంది పక్క ఊళ్లలో ఉద్యోగాల్లో ఉంటారు. మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్తే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ఆ నలుగురూ పోగవకపోతే, లోపల ప్రాణాలు చిక్కుకుంటే తప్ప, వాకిట్లోనే ఆగాలి.

కాల్స్ తక్కువై, ఊళ్లోనే పనిచేసేవాళ్లుండి, పక్క ఊళ్లతో సాయం ఒప్పందం ఉంటే ఆన్‌కాల్ చాలు. అపార్ట్‌మెంట్లు, మెడికల్ కాల్స్ (వైద్యసాయం కోసం ఫైర్ వాళ్లకు వచ్చే పిలుపులు) పెరుగుతుంటే ఫుల్‌టైమ్. పగలు మాత్రమే మనుషులు దొరకని ఊరైతే పగటికి జీతంమీద కొందరిని పెట్టి, రాత్రికి ఆన్‌కాల్ ఉంచాలి.