కొండపల్లి కోటకి "సూర్యోదయం ట్రెక్" ప్యాకేజీ ఎవరూ కొనొద్దు

ఇప్పుడే ఇంటికొచ్చి రాస్తున్నా, చేతులింకా వణుకుతున్నాయి. ఆ ప్యాకేజీ రీల్ బెజవాడలో అందరికీ వచ్చే ఉంటుంది. బురుజు మీద కుర్రాడు, కింద కృష్ణా నది, "అడవి దారిలో కోటకి, మనిషికి 1,200, గైడు, టిఫిను, ఫారెస్టు పర్మిషను అన్నీ కలిపే" అని. ఆరుగురికి 7,200 ముందే కట్టించుకున్నారు. రసీదు అడిగితే వాట్సాప్‌లో "కన్ఫర్మ్" అని ఒక్క ముక్క పెట్టారు. అక్కడే ఆగాల్సింది. పర్మిషను ఉంటే దానికో కాగితం ఉంటుంది. ఆ కాగితం చూపించమని అడగకపోవడం నా తప్పే.

దిగేటప్పుడు కింద ఫారెస్టు వాళ్లు ఆపారు. "పర్మిషన్ లెటర్ ఏదమ్మా?" అన్నారు, మర్యాదగానే. అందరం గైడు వైపు తిరిగాం. అతను మా మొహం కూడా చూడలేదు. "వీళ్లెవరో నాకు తెలీదు సార్, దారి అడిగితే చూపించా" అన్నాడు. పది నిమిషాల ముందు మా అమ్మ చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇక్కడ కాలెయ్యండి" అని రాళ్లు దాటించిన మనిషి! మా నీళ్ల బాటిలు అప్పటికీ అతని చేతిలోనే ఉంది. దాన్ని బండికి తగిలించుకుని వెళ్లిపోయాడు. బుకింగ్ నంబరుకి ఫోన్ చేస్తే "ప్యాకేజీలో దారి చూపించడం వరకే, పర్మిషను మీ బాధ్యత" అని పెట్టేశారు. తర్వాత బ్లాక్. డబ్బు పోయినందుకు కాదు, అడవిలో దొంగల్లా అమ్మని నిలబెట్టినందుకు కడుపు మండుతోంది.

కొండ చుట్టూ ఉన్నది రిజర్వ్ ఫారెస్టు. అనుమతి లేకుండా అడుగు పెడితే పట్టుబడేది కొన్నవాళ్లే, అమ్మినవాడు కాదు. పైగా సూర్యోదయం అంటున్నారంటేనే అర్థం చేసుకోవాలి, ఆ వేళకి కోట టికెట్ కౌంటర్ తెరవరు. అందుకే కూలిన గోడ మీదుగా ఎక్కిస్తారు. దాంతో వరసగా ఉండే మూడు ద్వారాలూ, దర్గా దర్వాజాతో సహా, ఏవీ చూడకుండానే వెనకనుంచి లోపల పడతాం. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారని చెప్పే కోట అది. శత్రువు ఎలా రావాలో వాళ్లు నిర్ణయించిన దారి ఆ ద్వారాలది. అది వదిలేస్తే కోట చూసినట్టే కాదు.

ఆ గోడ ఎక్కడం ప్రమాదం కూడా. పెద్ద రాళ్ల మధ్య ఇరికించిన చిన్న రాళ్లు ఏళ్ల తరబడి వానకి జారిపోయాయి. రాయి కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది, అంచు మీద బరువు పడగానే తిరగబడుతుంది. తప్పక ఎక్కాల్సి వస్తే కొండ వైపు ఆనుకున్న భాగం మీదే కాలెయ్యాలి, అంచు మీద కాదు. ఎండుగడ్డి కప్పిన చోట కర్రతో తట్టి చూడందే అడుగెయ్యకూడదు, కింద మెట్టు విరిగి ఉండొచ్చు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే జారతారు, మోకాళ్లు అప్పటికే అలిసి ఉంటాయి కాబట్టి. కోట లోపలి తానీషా మహల్‌లో గోడల్ని చెట్ల వేళ్లు చీల్చిన చోట కప్పు కింద నిలబడొద్దు. చీకటి గదుల్లో గబ్బిలాలుంటాయి. కోనేటి మెట్లు పాకుడు పట్టి ఉంటాయి, పిల్లల్ని అంచుకి పోనివ్వకండి.

ఇక రీల్‌లో చూపించినట్టు కృష్ణ కాళ్ల కింద ఉండదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలకి అవతల దూరంగా మెరుస్తుంది, అదీ వాన కడిగిన ఆకాశం ఉంటేనే. ఎండాకాలంలో మసక తప్ప ఏమీ లేదు.

అసలు ప్యాకేజీయే అక్కర్లేదు. బెజవాడ బస్టాండులో మైలవరం బస్సెక్కి కొండపల్లిలో దిగండి, ఘాట్ రోడ్డు పైదాకా ఉంది, ఊళ్లో ఆటో దొరుకుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పాదం కప్పే బూట్లు, ఫుల్ ప్యాంటు. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లుంటే చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు తుడిచెయ్యకుండా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. రేపు పొద్దున మేమూ చేస్తున్నాం.